సరిహద్దులు దాటే సాఫ్ట్‌వేర్ పని – సుంకాల ప్రభావం: ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

దిగుమతి సుంకం వస్తువు కోసం పుట్టిన పన్ను. ఓడరేవు, సరకు, విలువ పత్రం అనే మూడింటి మీద అది నిలబడుతుంది. హైదరాబాదులోనో విశాఖపట్టణంలోనో కూర్చొని అమెరికా సంస్థకు రాసి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌కు ఈ మూడూ వర్తించవు. అందువల్ల సాఫ్ట్‌వేర్ పనికి సుంకాల బెడద లేదన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. ఈ అభిప్రాయం సగమే నిజమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సుంకం అన్న పేరు లేకుండానే సుంకం చేసే పనిని ఆదాయపు పన్ను నిబంధనలు, ఎక్సైజు పన్ను ప్రతిపాదనలు, వీసా రుసుములు, ప్రతీకార చర్యలు చేయగలవు. వాటి పనితీరును, భారం చివరికి ఎవరిపై పడుతుందన్న ప్రశ్నను, అందుబాటులో ఉన్న రక్షణలను ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసోద్దేశం.

కీలక పదాలు: దిగుమతి సుంకం, సేవల ఎగుమతి, దూరస్థ పని, సాఫ్ట్‌వేర్, ఎక్సైజు పన్ను, మారటోరియం, రొయ్యల ఎగుమతి.

1. ఉపోద్ఘాతం

2025 ఆగస్టు 7 నుంచి భారతీయ వస్తువులపై అమెరికా 25 శాతం అదనపు సుంకం విధించింది. రష్యా చమురు కొనుగోళ్లను కారణంగా చూపి అదే నెల 27 నుంచి మరో 25 శాతం చేర్చింది. ఆ దెబ్బ తెలుగు నేలపై మొదట తగిలిన చోటు రొయ్యల చెరువు. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. భారతీయ రొయ్యలకు అతిపెద్ద విపణి అమెరికా. సుంకం చెల్లించవలసినవాడు అమెరికాలోని దిగుమతిదారుడే అయినా, ధర తగ్గించమన్న ఒత్తిడి ఎగుమతిదారు మీదుగా చెరువు గట్టు దాకా వచ్చింది. ఈ రేట్లు ఒప్పందాలతోను, తీర్పులతోను మారగలవు. ఆ మార్పుల చరిత్ర ఈ వ్యాస విషయం కాదు.

అదే ఆగస్టు నెలలో హైదరాబాదు నుంచి అమెరికాకు వెళ్లిన సాఫ్ట్‌వేర్‌పై ఒక్క డాలరు కూడా దిగుమతి సుంకం పడలేదు. పరిమాణంలో చూస్తే ఈ ఎగుమతి చిన్నది కాదు. భారతీయ రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023–24లో భారతదేశపు సాఫ్ట్‌వేర్ సేవల ఎగుమతి దాదాపు 19,000 కోట్ల డాలర్లు. అందులో సగానికి పైగా అమెరికాకు వెళ్లినదే. తెలంగాణ ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022–23లో ఆ రాష్ట్ర ఐటీ ఎగుమతులు 2,41,275 కోట్ల రూపాయలు. ఈ రంగంలో ఉద్యోగాలు 9 లక్షలకు పైబడినవి.

ఒకే దేశం నుంచి, ఒకే దేశానికి, ఒకే నెలలో వెళ్లిన రెండు ఎగుమతులలో ఒకదానిపై సగం ధరకు సమానమైన సుంకం పడింది. రెండవది తాకిడి లేకుండా దాటిపోయింది. ఈ భేదానికి కారణమేమి? ఈ భేదం శాశ్వతమా? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి ఆధారం.

2. సుంకం నిలబడే నేల

సుంకం విధించడానికి మూడు విషయాలు తెలియాలి. వచ్చినది ఏ వస్తువు? దాని విలువ ఎంత? అది ఏ దేశంలో తయారైంది? మొదటి ప్రశ్నకు సమాధానం ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించిన వర్గీకరణ పట్టిక. దీనిలో ప్రతి వస్తువుకు ఆరు అంకెల సంఖ్య ఉంటుంది. రొయ్య మూడవ అధ్యాయంలో 0306 అన్న శీర్షిక కిందకు వస్తుంది. ఆ సంఖ్య, సరకు విలువ, మూలదేశం తెలిస్తే కస్టమ్స్ అధికారి సుంకాన్ని లెక్కగడతాడు. సుంకం చెల్లించేదాకా సరకును ఆపగలడు కూడా. ఆపగలగడంలోనే సుంకం బలం ఉంది.

సేవకు ఈ పట్టికలో చోటు లేదు. హైదరాబాదులోని ఇంజనీరు ఒక బ్యాంకింగ్ ప్రోగ్రాములో దోషాన్ని సవరించి, దానిని అమెరికాలోని సర్వరుకు చేరవేస్తే అక్కడ ఏ అధికారీ దానిని తెరిచి చూడడు. పంపిన దత్తాంశం పరిమాణానికీ దాని విలువకూ సంబంధం లేదు. పది పంక్తుల సవరణ లక్షల డాలర్ల నష్టాన్ని ఆపవచ్చు. వేల పంక్తులు నిరుపయోగం కావచ్చు. మూలదేశ నిర్ణయం ఇంకా కష్టం. ఒకే ప్రోగ్రాముపై ఉదయం హైదరాబాదు, మధ్యాహ్నం పోలండు, రాత్రి టెక్సస్ పనిచేసినప్పుడు దాని పుట్టిల్లు ఏది?

ఈ చిక్కు ఇంటర్నెట్టు కన్న పాతది. సాఫ్ట్‌వేర్ అయస్కాంత టేపులపై ప్రయాణించిన రోజులలోనే ఈ ప్రశ్న వచ్చింది. టేపు ఖరీదు కొద్దిపాటిది. అందులోని ప్రోగ్రాము ఖరీదు వేల డాలర్లు. సుంకం దేనిపై వేయాలి? 1984 సెప్టెంబరులో గాట్ ఒప్పందపు కస్టమ్స్ విలువల కమిటీ దీనికొక పరిష్కారం చెప్పింది. ప్రోగ్రాము విలువను మినహాయించి, దానిని మోసే టేపు విలువను మాత్రమే లెక్కించే పద్ధతిని సభ్యదేశాలు అనుసరించవచ్చునని ఆ నిర్ణయ సారాంశం. మరుసటి సంవత్సరమే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ బెంగళూరులో తన కేంద్రాన్ని ఏర్పాటు చేసుకొని ఉపగ్రహ సంబంధం ద్వారా పనిని పంపే పద్ధతికి దారి వేసింది. దానితో ఆ కొద్దిపాటి టేపు కూడా అవసరం లేకపోయింది.

1998 మేలో జెనీవాలో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ రెండవ మంత్రివర్గ సమావేశంలో సభ్యదేశాలు ఎలక్ట్రానిక్ ప్రసారాలపై కస్టమ్స్ సుంకం విధించకుండా ఉండే తమ ఆచారాన్ని కొనసాగిస్తామని ప్రకటించాయి. దీనినే మారటోరియం అంటారు. ఇది శాశ్వత ఒప్పందం కాదు. గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూ వచ్చినది.

సరకును ఆపే గుమ్మం లేనందువల్ల ఈ ఎగుమతిని లెక్కించడానికే ప్రత్యేక పద్ధతులు అవసరమయ్యాయి. వస్తువు ఎగుమతికి షిప్పింగ్ బిల్లు ఉన్నట్లు, భౌతిక రూపం లేని సాఫ్ట్‌వేర్ ఎగుమతికి రిజర్వు బ్యాంకు సాఫ్టెక్స్ అనే పత్రాన్ని నిర్దేశించింది. ఇందులో నమోదయ్యేది సరకు కాదు. ఇన్‌వాయిసు, దానికి రావలసిన విదేశీ మారకం. సాఫ్ట్‌వేర్ సరిహద్దు దాటిన జాడ సముద్రతీరంలో కాక ఖాతా పుస్తకంలో దొరుకుతుందన్నమాట. ఇకముందు వచ్చే చర్చకంతటికీ ఈ అంశమే కీలకం. పన్ను వేయదలచిన ప్రభుత్వం రేవు దగ్గర కాపు కాయదు. చెల్లింపు నమోదయ్యే ఖాతా దగ్గర కాపు కాస్తుంది.

3. పని ప్రయాణించే మార్గాలు

1995లో అమలులోకి వచ్చిన సేవల వాణిజ్య సామాన్య ఒప్పందం, అనగా గాట్స్, సేవ దేశం దాటే నాలుగు మార్గాలను గుర్తించింది. సేవ ఒక్కటే సరిహద్దు దాటడం మొదటిది. వినియోగదారుడు సేవ ఉన్న దేశానికి వెళ్లడం రెండవది. సంస్థ పరదేశంలో శాఖ తెరవడం మూడవది. సేవ చేసే వ్యక్తే పరదేశానికి వెళ్లడం నాలుగవది.

ఇక్కడ కూర్చొని అక్కడి పని చేయడం, అంటే దూరస్థ పని, మొదటి మార్గానికి చెందినది. హెచ్–1బి వీసాపై వెళ్లడం నాలుగవ మార్గం. ఈ రెండు మార్గాలూ ఒకే చెరువుకు ఉన్న రెండు తూముల వంటివి. ఒక తూము మూస్తే నీరు రెండవ తూముపై ఒత్తిడి పెంచుతుంది. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు జారీ చేసిన ప్రకటన, దేశం వెలుపల ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్–1బి దరఖాస్తులపై 1,00,000 డాలర్ల చెల్లింపును నిర్దేశించింది. ఇది సుంకం కాదు. అయినా నాలుగవ మార్గంలో వచ్చే సేవ ధరను ఒక్కసారిగా పెంచడంలో సుంకం చేసే పనే చేస్తుంది. మనిషిని రప్పించడం ఖరీదైనప్పుడు పనినే మనిషి దగ్గరకు పంపడం సంస్థకు లాభదాయకం. కాబట్టి వీసా రుసుము దూరస్థ పనిని తగ్గించడానికి బదులు పెంచే అవకాశమే ఎక్కువ. అయితే ఆ పెరుగుదలే మొదటి మార్గాన్ని కూడా మూయాలన్న రాజకీయ కోరికకు ఊపిరి పోస్తుంది.

4. సుంకం పేరులేని సుంకాలు

4.1. పరిశోధన వ్యయంపై పన్ను నిబంధన

అమెరికా ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 174 పరిశోధన వ్యయాలకు సంబంధించినది. సాఫ్ట్‌వేర్ అభివృద్ధి వ్యయం కూడా దీని పరిధిలో ఉంది. 2017 నాటి పన్ను చట్టం ఈ సెక్షనును మార్చింది. ఆ మార్పు ప్రకారం 2022 నుంచి స్వదేశంలో చేసిన అభివృద్ధి వ్యయాన్ని 5 సంవత్సరాలలో, విదేశంలో చేసిన వ్యయాన్ని 15 సంవత్సరాలలో విడతలుగా మాత్రమే ఆదాయం నుంచి మినహాయించుకోవాలి. 2025 జూలై 4న సంతకమైన చట్టం స్వదేశీ వ్యయానికి అదే ఏడాది పూర్తి మినహాయింపును తిరిగి ఇచ్చింది. విదేశీ వ్యయానికి 15 సంవత్సరాల గడువు అలాగే ఉండిపోయింది. సంస్థ ఎవరిదన్నది ఇక్కడ ప్రమాణం కాదు. పని ఎక్కడ జరిగిందన్నదే ప్రమాణం.

దీని బరువును ఒక లెక్కతో చూడవచ్చు. ఒక అమెరికా సంస్థ అభివృద్ధికి 1,00,000 డాలర్లు ఖర్చు పెట్టిందనుకుందాం. కార్పొరేటు పన్ను రేటు 21 శాతం. పని స్వదేశంలో జరిగితే మొత్తం ఖర్చు మొదటి ఏడాదే మినహాయింపు పొందుతుంది. పన్నులో 21,000 డాలర్లు తగ్గుతాయి. పని భారతదేశంలో జరిగితే మొదటి ఏడాది అర్ధ సంవత్సరపు విడత మాత్రమే లెక్కకు వస్తుంది. అప్పుడు తగ్గే పన్ను 700 డాలర్లు. తరువాత పద్నాలుగేళ్లు ఏటా 1,400 డాలర్లు, చివరి ఏడాది మిగిలిన 700 డాలర్లు తగ్గుతాయి. మొత్తం రెండు సందర్భాలలోనూ 21,000 డాలర్లే. తేడా అంతా ఆలస్యంలో ఉంది. ఏటా 8 శాతం వడ్డీ ప్రమాణంగా తీసుకుంటే, ఆ విడతల నేటి విలువ సుమారు 12,460 డాలర్లు. అంటే విదేశీ పనిపై పడిన అదనపు భారం సుమారు 8,540 డాలర్లు. ఇది ఖర్చులో ఎనిమిదిన్నర శాతం.

ఆ సంస్థ దృష్టిలో ఇది ఎనిమిదిన్నర శాతం దిగుమతి సుంకంతో సమానం. ఏ రేవూ లేదు, ఏ అధికారీ సరకును ఆపలేదు, పత్రికలలో సుంకాల జాబితాలో ఇది కనిపించలేదు. అయితే ఈ నిబంధన అభివృద్ధి పనికే వర్తిస్తుంది. వాడుకలో ఉన్న ప్రోగ్రామును నడిపించే సాధారణ నిర్వహణ, వినియోగదారులకు సహాయం అందించే పని దీని వెలుపల ఉంటాయి. అందువల్ల కొత్త ఉత్పత్తులు రూపొందించే బృందాలపై దీని ప్రభావం ఎక్కువ, సహాయ విభాగాలపై తక్కువ. తెలుగు నగరాలలోని పని సహాయం నుంచి అభివృద్ధి వైపు ఎదుగుతున్న కొద్దీ ఈ నిబంధనకు ఎదురయ్యే భాగం కూడా పెరుగుతుంది.

4.2. పొరుగు సేవల చెల్లింపుపై ఎక్సైజు పన్ను ప్రతిపాదన

2025 సెప్టెంబరులో ఒహాయో సెనేటరు బెర్నీ మొరెనో అమెరికా సెనేట్‌లో ఒక బిల్లు ప్రవేశపెట్టారు. ఆంగ్లంలో దాని పేరు కుదించి హైర్ చట్టం అని పిలుస్తున్నారు. అమెరికాలోని వినియోగదారులకు ఉపయోగపడే పనికోసం విదేశీ వ్యక్తికి చేసే చెల్లింపుపై 25 శాతం ఎక్సైజు పన్ను విధించాలని, ఆ చెల్లింపును ఖర్చుగా చూపి ఆదాయపు పన్ను మినహాయింపు పొందకుండా చేయాలని ఈ బిల్లు ప్రతిపాదించింది. బిల్లు వేరు, చట్టం వేరు. అయినా ఆలోచన ఏ దిశలో సాగుతున్నదో గ్రహించడానికి దాని నిర్మాణాన్ని పరిశీలించడం అవసరం.

సరళత కోసం ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక పనికి అమెరికాలో 1,00,000 డాలర్లు, భారతదేశంలో 40,000 డాలర్లు ఖర్చవుతుందనుకుందాం. రెండు ఖర్చులకూ పూర్తి మినహాయింపు ఉంటే 21 శాతం పన్ను తగ్గింపు తరువాత సంస్థకు అసలు పడే భారం అమెరికాలో 79,000, భారతదేశంలో 31,600 డాలర్లు. బిల్లులోని రెండు నిబంధనలూ అమలైతే భారతదేశపు పని భారం 50,000 డాలర్లకు పెరుగుతుంది. అంటే 58 శాతం పెరుగుదల.

ఈ లెక్కలో రెండు పాఠాలు ఉన్నాయి. మొదటిది, 50,000 ఇప్పటికీ 79,000 కంటె తక్కువే. కాబట్టి పని అంతా తిరిగి అమెరికాకు వెళ్లిపోతుందనుకోవడం తొందరపాటు. రెండవది, తన భారం పాత 31,600 దగ్గరే ఉండాలని అమెరికా సంస్థ పట్టుబడితే భారతీయ పక్షం తన రుసుమును 40,000 నుంచి 25,280 డాలర్లకు, అంటే సుమారు 37 శాతం తగ్గించుకోవాలి. వాస్తవం ఈ రెండు అంచుల మధ్య ఎక్కడో నిలుస్తుంది. ఎక్కడ నిలుస్తుందన్నది బేరం చేయగల శక్తిని బట్టి ఉంటుంది. పని పోతుందా అన్న ప్రశ్న కంటె ప్రతిఫలం ఎంత తగ్గుతుందన్న ప్రశ్నే అందువల్ల ముఖ్యమైనది.

4.3. ప్రతీకార చర్యలు

అమెరికా 1974 వాణిజ్య చట్టంలోని సెక్షన్ 301, అన్యాయమైనవని తాము భావించే విదేశీ విధానాలకు బదులుగా ఆ దేశపు వస్తువులపై సుంకాలు విధించే అధికారాన్ని ఇస్తుంది. ఆ దేశపు సేవలపై రుసుములు లేదా ఆంక్షలు విధించే అధికారం కూడా అదే సెక్షనులో ఉంది. ఈ రెండవ భాగం అంతగా చర్చకు రాదు. కాని చట్టంలో ఉన్నదే.

ఈ సెక్షనుతో భారతదేశానికి ఒక అనుభవం ఉంది. విదేశీ ఈ–వాణిజ్య సంస్థలపై భారతదేశం 2020 ఏప్రిల్ నుంచి 2 శాతం సమానీకరణ పన్ను విధించింది. ఇది తమ సంస్థలపై వివక్ష అని 2021 జనవరిలో అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం తేల్చింది. ఆ తరువాత 25 శాతం సుంకం వేయడానికి ప్రతిపాదించిన భారతీయ వస్తువుల జాబితాలో రొయ్యలు, బాస్మతి బియ్యం, ఆభరణాలు ఉన్నాయి. 2021 జూన్‌లో ఆ సుంకాలను ప్రకటించి వెంటనే నిలుపుదల చేశారు. ఆ ఏడాది నవంబరులో ఇరుదేశాలు ఒక అవగాహనకు వచ్చాయి. 2 శాతం పన్నును భారతదేశం 2024 ఆగస్టు 1 నుంచి, ఆన్‌లైన్ ప్రకటనలపై 2016 నుంచి ఉన్న 6 శాతం పన్నును 2025 ఏప్రిల్ 1 నుంచి రద్దు చేసింది.

ఈ ఉదంతం చూపేది ఒకటే. వివాదం ఆన్‌లైన్ సేవల పన్నుపై; మూల్యం చెల్లించవలసి వచ్చేది రొయ్యల రైతు. ఆపగలిగే సరకు ఎక్కడ ఉంటే దెబ్బ అక్కడ పడుతుంది. చెరువు, కంప్యూటరు వేర్వేరు లోకాలుగా కనిపించినా వాణిజ్య చర్చల బల్లపై అవి ఒకే త్రాసులోని రెండు తట్టలు.

5. పరోక్ష ప్రభావాలు

సేవలపై ఏ పన్నూ వేయకపోయినా వస్తువులపై సుంకం సాఫ్ట్‌వేర్ పనిని రెండు విధాల తాకుతుంది. మొదటిది గిరాకీ. పెద్ద భారతీయ ఐటీ సంస్థల ఆదాయంలో దాదాపు సగం, కొన్నింటిలో అంతకన్న ఎక్కువ, ఉత్తర అమెరికా నుంచి వస్తుంది. వారి ఖాతాదారులలో చిల్లర వర్తక సంస్థలు, వాహన తయారీదారులు, రవాణా సంస్థలు ఉన్నాయి. దిగుమతి సరకు ధర పెరిగి లాభం తగ్గినప్పుడు, రేపటి ధర ఏమిటో తెలియనప్పుడు, ఇటువంటి సంస్థలు మొదట వాయిదా వేసేది కొత్త సాఫ్ట్‌వేర్ పథకాలనే. జీతాల లెక్కలు నడిపే పాత ప్రోగ్రామును ఆపలేరు. కొత్త మొబైల్ యాప్‌ను మాత్రం వచ్చే ఏడాదికి నెట్టవచ్చు.

రెండవది రూపాయి విలువ. ఎగుమతులకు ఎదురుదెబ్బ తగిలినప్పుడు డాలర్ల రాక తగ్గి రూపాయిపై ఒత్తిడి పెరుగుతుంది. 2025 డిసెంబరులో డాలరు విలువ 90 రూపాయలు దాటింది. దీనికి పెట్టుబడులు తరలిపోవడం వంటి ఇతర కారణాలూ ఉన్నాయి. ఏ కారణంతో అయినా రూపాయి బలహీనపడితే డాలర్లలో ఆదాయం, రూపాయలలో జీతాలు ఉన్న సంస్థకు కొంత వెసులుబాటు కలుగుతుంది. వస్తువుపై పడిన సుంకం గిరాకీ రూపంలో సాఫ్ట్‌వేర్‌కు కీడు చేస్తూనే మారకపు రేటు రూపంలో కొంత మేలు చేస్తుందన్నమాట. ఈ మేలు ఎవరికి చేరుతుందన్నది వేరే ప్రశ్న. జీతం రూపాయలలో ఉన్న ఉద్యోగికి అది నేరుగా చేరదు.

6. భారం ఎవరి భుజాన?

పన్నును చట్టప్రకారం చెల్లించేవాడు ఒకడు, దాని బరువు మోసేవాడు మరొకడు కావచ్చు. దూరస్థ పనిలో మూడు వర్గాలు ఉన్నాయి. ఒక్కొక్కరి స్థితి వేరు.

మొదటి వర్గం భారతీయ ఐటీ సంస్థల ఉద్యోగులు. వీరికీ అమెరికా ఖాతాదారుకూ మధ్య ఒక పెద్ద సంస్థ ఉంటుంది. ఖర్చు పెరిగితే మొదట సంస్థ లాభం తగ్గుతుంది. తరువాతనే అది జీతాల పెంపు తగ్గడంగాను, కొత్త నియామకాలు ఆగడంగాను దిగుతుంది. అందువల్ల ఈ వర్గంలో ముందుగా నష్టపోయేది ఉద్యోగంలో ఉన్నవారు కాదు. చదువు పూర్తిచేసి వాకిట నిలిచిన విద్యార్థులు.

రెండవ వర్గం విదేశీ సంస్థలు ఇక్కడ స్థాపించుకొన్న సొంత కేంద్రాల ఉద్యోగులు. జీసీసీలుగా వ్యవహరించే ఈ కేంద్రాలు హైదరాబాదులో విస్తరిస్తున్నాయి. ఇక్కడ బేరం రెండు సంస్థల మధ్య కాదు. ఒకే సంస్థలోని రెండు ఖాతాల మధ్య. సెక్షన్ 174 వంటి నిబంధన నేరుగా తాకేది ఇక్కడే. కాని కట్టడం, శిక్షణ, అనుభవం రూపంలో పెట్టిన పెట్టుబడి వల్ల పనిని ఒక్కసారిగా తరలించడం సంస్థకు సులభం కాదు. ఆ కష్టమే ఉద్యోగికి కొంత రక్షణ.

మూడవ వర్గం ఏ సంస్థ అండా లేకుండా విదేశీ సంస్థతో నేరుగా ఒప్పందం చేసుకొన్న ఫ్రీలాన్సర్లు. విజయవాడలోనో వరంగల్లులోనో ఇంటి నుంచి పనిచేసే ఈ వ్యక్తి చట్టం దృష్టిలో ఒక ఎగుమతిదారు. ఐజీఎస్‌టీ చట్టంలోని సెక్షన్ 2(6) షరతులు నెరవేరితే అతని పని సేవల ఎగుమతి అవుతుంది. సెక్షన్ 16 ప్రకారం దానిపై పన్ను రేటు శూన్యం. అమెరికా వైపున డబ్ల్యు–8బెన్ అనే పత్రం నింపి ఇస్తాడు. తాను అమెరికా పౌరుడను కానని ధ్రువీకరించడం దాని పని. సేవ జరిగిన చోటే ఆ ఆదాయపు పుట్టుచోటు అన్న సూత్రం ఉన్నందువల్ల, భారతదేశంలో చేసిన పనికి వచ్చే సొమ్ము నుంచి విదేశీయులపై అమెరికా విధించే 30 శాతం కోత పడదు. అతని రక్షణ అంతా ఈ ఒక్క సూత్రంపై ఆధారపడి ఉంది. రేపు ప్రమాణం పని జరిగిన చోటు నుంచి పని ఉపయోగపడిన చోటుకు మారితే ఆ రక్షణ పోతుంది. పైన పేర్కొన్న ఎక్సైజు పన్ను బిల్లు ఎంచుకొన్నది సరిగా ఈ రెండవ ప్రమాణాన్నే.

ఈ మూడవ వర్గానికి లాభాల నిల్వ లేదు, బేరంలో వెనక నిలిచే సంస్థ లేదు. కొత్త పన్ను ఏదైనా వస్తే దానిని సేవ అందించేవాడే భరించాలన్న వాక్యం ఒప్పందంలో ఉంటే మొత్తం బరువు అతనిదే. కాబట్టి ఒప్పందంలో రుసుము ఎంత అన్నదానితో పాటు, భవిష్యత్తులో విధించే పన్నులు ఎవరు చెల్లించాలి, రుసుమును తిరిగి నిర్ణయించుకొనే వీలుందా, ఎంత గడువుతో ఒప్పందం రద్దు చేయవచ్చు అన్న మూడు అంశాలను చదవడం అవసరం.

7. రక్షణలు, వాటి పరిమితులు

అంతర్జాతీయ స్థాయిలో చెప్పుకోదగిన రక్షణలు రెండు. మొదటిది పైన చెప్పిన మారటోరియం. 2024లో అబుదాబీలో జరిగిన పదమూడవ మంత్రివర్గ సమావేశం దీనిని తరువాతి సమావేశం వరకు, లేదా 2026 మార్చి 31 వరకు, ఏది ముందైతే అంతవరకు పొడిగించింది. గడువుతో నిమిత్తం లేకుండా దీనికొక స్వాభావికమైన పరిమితి ఉంది. ఇది ఆపేది కస్టమ్స్ సుంకాన్ని మాత్రమే. దేశీయ పన్ను నిబంధనను, ఎక్సైజు పన్నును ఇది ఆపదు.

ఈ విషయంలో భారతదేశపు వైఖరి రెండు వైపుల పదునున్నది. దక్షిణాఫ్రికాతో కలిసి భారతదేశం మారటోరియం కొనసాగింపును చాలాకాలం ప్రశ్నిస్తూ వచ్చింది. ఆన్‌లైన్‌లో దిగుమతయ్యే సినిమాలు, పుస్తకాలు, ప్రోగ్రాములపై సుంకం వేసే హక్కు వర్ధమాన దేశాలకు ఉండాలన్నది ఈ వాదన. వాదనలో న్యాయం ఉంది. రాబడి నష్టం నిజమైనదే. అయితే సేవలను ఇంత పెద్ద ఎత్తున ఎగుమతి చేసే దేశం తలుపు తెరవమన్నప్పుడు అదే తలుపు గుండా ఎదుటివారూ ప్రవేశించగలరన్న సంగతి కూడా లెక్కలోకి రావాలి.

రెండవ రక్షణ గాట్స్ ఒప్పందం. కంప్యూటరు సేవల విషయంలో మొదటి మార్గంలో వచ్చే విదేశీ సేవను స్వదేశీ సేవతో సమానంగా చూస్తామని అమెరికా తన వాగ్దానాల పట్టికలో అంగీకరించింది. విదేశీ పనిపై మాత్రమే విధించే పన్నును ఈ వాగ్దానం ఆధారంగా ప్రశ్నించవచ్చు. ప్రత్యక్ష పన్నుల విషయంలో ఒప్పందం కొన్ని మినహాయింపులను ఇస్తున్నందున వాదన తేలిక కాదు. పైగా 2019 డిసెంబరు నుంచి ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు మండలి సభ్యులు లేక పనిచేయడం లేదు. ఓడిన పక్షం అప్పీలు దాఖలు చేస్తే వివాదం అక్కడే నిలిచిపోతుంది. హక్కు ఉంది, తీర్పు చెప్పే పీఠం ఖాళీగా ఉంది.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. సాఫ్ట్‌వేర్ పని దిగుమతి సుంకానికి చిక్కకపోవడానికి కారణం ఎవరి దయా కాదు. వర్గీకరణ, విలువ నిర్ణయం, మూలదేశ నిర్ణయం సాధ్యం కాకపోవడమే.

2. ఆ అసాధ్యత రేవు దగ్గరే. చెల్లింపు నమోదయ్యే ఖాతా దగ్గర అదే పనిపై పన్ను వేయడం సాధ్యమే. సెక్షన్ 174 ఇప్పటికే అటువంటి భారాన్ని మోపుతున్నది. ఎక్సైజు పన్ను బిల్లు అంతకన్న పెద్ద భారాన్ని ప్రతిపాదించింది.

3. వీసా రుసుము వంటి ఆంక్ష దూరస్థ పనికి తాత్కాలికంగా మేలు చేయవచ్చు. ఆ మేలే తరువాతి ఆంక్షకు కారణం కావచ్చు.

4. వేతన వ్యత్యాసం పెద్దదిగా ఉన్నంతకాలం పని ఒక్కసారిగా తరలిపోదు. నష్టం ప్రధానంగా రుసుముల తగ్గింపు, నియామకాల మందగమనం రూపంలో వస్తుంది. దానిని ముందుగా మోసేది కొత్త పట్టభద్రులు, ఒంటరి ఫ్రీలాన్సర్లు.

5. సేవల వివాదానికి వస్తువులు, వస్తువుల వివాదానికి సేవలు మూల్యం చెల్లించే పరిస్థితి ఉన్నందువల్ల ఈ రెండు రంగాల ప్రయోజనాలను విడివిడిగా చర్చించడం సరికాదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అనేక కుటుంబాలలో తండ్రి ఆదాయం చెరువు నుంచో పొలం నుంచో, బిడ్డ ఆదాయం కంప్యూటరు నుంచో వస్తున్నది. సుంకాల వార్త వచ్చినప్పుడు ఒకరి ఆదాయానికి ముప్పు, మరొకరిది క్షేమం అనుకోవడం సహజం. ముప్పు రెండింటికీ ఉంది. మొదటిదానికి వచ్చే ముప్పు గెజిట్‌లో రేటుగా, తేదీగా కనిపిస్తుంది. రెండవదానికి వచ్చేది పన్ను చట్టపు ఉపనిబంధనలోనో, ఒప్పందపు చివరి పుటలోనో ఉంటుంది. సుంకాల జాబితాలను చదివినంత శ్రద్ధగా ఆ నిబంధనలను కూడా చదవడం ఈ రంగంపై ఆధారపడినవారికీ, విధానకర్తలకూ తక్షణావసరం.